తీసేశామని చెప్పండి

కొత్త సీజను సాధన మొదలయ్యే రోజున పిడుగు తన బూట్లను రిసెప్షన్ బల్ల మీద చూసింది. నల్ల ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి ముడేసి పెట్టారు. సంచి చిరిగిన చోట నీలం లేసు ఒకటి బయటికి వేలాడకపోతే అవి తనవని ఆమెకు తెలిసేదే కాదు. మోకాలి పట్టీలు, తువ్వాలు, పళ్ళు ఊడిన పాత దువ్వెన కూడా అందులోనే ఉన్నాయి. అంటే బట్టలు మార్చుకునే గదిలో ఎవరో ఆమె అల్మరా తీసి, ఉన్నదంతా ఊడ్చి తెచ్చారన్నమాట.

"ఇవి ఇక్కడెందుకున్నాయి?" అని అడిగింది.

రిసెప్షన్ అమ్మాయి కంప్యూటరు తెరలోకి తల దూర్చేసి, "మేనేజర్ గారు పైకి రమ్మన్నారు మేడమ్" అంది.

నోరారా "అక్కా" అని పిలిచే పిల్ల. ఆ "మేడమ్" వినగానే పిడుగుకి సగం సంగతి అర్థమైపోయింది.

ఆమె ఆ క్లబ్బు వాలీబాల్ జట్టులో సెట్టర్. పిడుగు అని పేరు పెట్టింది మొదటి కోచ్. మనిషి పొట్టి, కదలిక మెరుపు. వల దగ్గర నిలబడితే అవతలి జట్టువాళ్ళకి నెత్తి మీది జుట్టు తప్ప ఏమీ కనిపించేది కాదు. కానీ సెట్టర్ పనికి ఎత్తుతో అంత అవసరం లేదని ఆమె ఏళ్ళ తరబడి నిరూపించింది. వచ్చిన బంతి ఎంత వంకరగా వచ్చినా వేళ్ళ కొసల మీద తీసుకుని, పక్కనున్న మనిషి ఎగిరి కొట్టడానికి సరిగ్గా ఎక్కడ కావాలో అక్కడికి లేపి పెట్టాలి. చప్పట్లు బంతిని కొట్టినవాళ్ళకే పడతాయి. లేపినవాళ్ళని ఎవరూ చూడరు. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. "మా ఇంట్లో ఇద్దరిదీ పైకి లేపే పనే" అని ఆయన చుట్టాల దగ్గర జోకు వేసేవాడు.

మేనేజర్ గదిలో ఏసీ చల్లగా ఉంది. గోడకున్న గాజు అరలో నిరుడు గెలిచిన కప్పు మెరుస్తోంది. మేనేజర్ చాలా మెత్తని మనిషి. ఎంత మెత్తనివాడంటే, ఆయన చెడ్డ కబురు చెప్పి పంపేశాక, మెట్లు దిగేటప్పుడుగానీ అది చెడ్డ కబురని తెలిసేది కాదు.

"కూర్చో అమ్మా. మంచినీళ్ళు తాగు."

"వద్దు సార్. నా బూట్లు కింద సంచిలో ఉన్నాయి."

"అదే చెబుదామని. కొత్త కోచ్ గారికి పొడుగాటి సెట్టర్ కావాలట. వల దగ్గర అడ్డుకోవడానికి. నీ ఆట మీద ఆయనకి చాలా గౌరవం."

ఏదో ఒకరోజు ఈ మాట వినాల్సి వస్తుందని ఆమెకి తెలుసు. వయసు ముప్పై దాటింది. ఆటలో ఇది మామూలే.

"సరే సార్. నా ఒప్పందం ఇంకో సీజను ఉంది కదా. తీసేస్తున్నామని చెప్పండి. రూలు ప్రకారం ఏం చెయ్యాలో చేసి పంపించండి. వెళ్ళిపోతాను."

మేనేజర్ చిన్నగా నవ్వాడు. "తీసేయడం లాంటి పెద్ద మాటలెందుకమ్మా? మనది కుటుంబం. కుటుంబంలో ఎవరైనా ఎవరినైనా తీసేస్తారా? నువ్వే ఒక చిన్న విన్నపం రాసివ్వు. వ్యక్తిగత కారణాలవల్ల తప్పుకోవాలనుకుంటున్నాను అని. మేం పెద్ద మనసుతో ఒప్పుకుంటాం. ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది."

"నాకు వ్యక్తిగత కారణాలేం లేవు సార్."

"ఉంటాయమ్మా, ఆలోచిస్తే. పెళ్ళైనదానివి. పిల్లలు, సంసారం..."

అప్పుడర్థమైంది ఆమెకి. క్లబ్బు తీసేస్తే ఒప్పందంలో మిగిలిన సీజను జీతం క్లబ్బే కట్టాలి. తనంతట తను వెళ్ళిపోతానంటే వాళ్ళకి పైసా బాధ్యత లేదు. పైగా మధ్యలో మాట తప్పిన ఆటగత్తెగా ముద్రపడి ఆ సీజనంతా మరో జట్టులో ఆడే వీలుండదు. వాళ్ళు తోస్తారు. తను మాత్రం నేనే దూకానని చెప్పాలి.

"సార్, నేను పొట్టిదాన్ని. మీకు పొడుగాటి మనిషి కావాలి. అందులో తప్పులేదు. తీసేయండి. కానీ వెళ్ళిపోతానని నా నోటితో అనిపించకండి. ఆ మాట నాది కాదు."

"ఆలోచించుకో" అన్నాడు మేనేజర్, అంతే మెత్తగా. "ఈలోపు నీ సాధన వెనక షెడ్డులో."

వెనక షెడ్డంటే రేకుల కప్పు. విరిగిన కుర్చీలు, పాత స్కోరు బోర్డులు, చుట్టచుట్టి పడేసిన ప్రకటనల బట్టలు. వల లేదు. మధ్యాహ్నం ఎండకి లోపల పెనంలా కాలేది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఆమెకి సాధన సమయంగా పెట్టారు. తోడు ఎవరూ ఉండరు. సహాయ కోచ్ ఒకడు గుమ్మం నీడలో కుర్చీ వేసుకుని, ఆమె ఎప్పుడు ఆగుతుందా, ఎప్పుడు కూర్చుంటుందా అని ఫోనుతో వీడియో తీస్తూ ఉండేవాడు.

పరుగెత్తమంటే పరుగెత్తింది. గుంజీలు తీయమంటే తీసింది. ఒళ్ళు నొప్పులు ఆమెకి కొత్త కాదు. కానీ బంతి చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం కడుపు రగిలిపోయేది. కొట్టేవాళ్ళు ఒంటరిగానైనా గోడకేసి కొట్టుకోవచ్చు. సెట్టర్ ఎవరికి లేపాలి? ఆమె బంతిని పైకి లేపేది. అది గాలిలో సరిగ్గా ఆగాల్సిన చోట ఆగి, ఏ చెయ్యీ తగలక, ధూళిలో పడి దొర్లి విరిగిన కుర్చీల కిందికి పోయేది. వంగి తీసుకునేది. మళ్ళీ లేపేది. ఈ శిక్షని ఆలోచించినవాడెవడో ఆట బాగా తెలిసినవాడేనని ఆమెకి అనిపించింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

జట్టు పిల్లలు హాల్లోంచి వస్తూ పోతూ షెడ్డు వైపు చూసేవారు కాదు. అందరికన్నా కష్టంగా తోచింది నిచ్చెన మొహం చాటేయడం. నిచ్చెన జట్టు కెప్టెన్. పొడుగు కాబట్టి ఆ పేరు. ఇన్నేళ్ళూ పిడుగు లేపిన బంతులన్నీ కొట్టి పేరు తెచ్చుకున్నది ఆ పిల్లే. ఒకరోజు కుళాయి దగ్గర ఎదురుపడి, తప్పించుకునే దారిలేక ఆగిపోయింది.

"అక్కా, నా ఒప్పందం కూడా ఈ ఏడాదితో ఆఖరు" అంది నిచ్చెన నేల చూస్తూ. "నీతో మాట్లాడితే బాగోదని కోచ్ గారు అందరికీ చెప్పేశారు. ఇంట్లో చెల్లెలి చదువు నా మీదే ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

"నువ్వేం చెయ్యొద్దులే. కానీ నన్ను చూసి తల తిప్పుకోకు. అది మాత్రం నావల్ల కావట్లేదు."

నిచ్చెన ఏదో అనబోయి, సహాయ కోచ్ అటు రావడం చూసి సీసా మూత బిగించుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంట్లో సంగతి మరోలా ఉంది. భర్తకి గొడవలంటే భయం. "పోనీ రాసిచ్చేయ్. ఆ కొలిమిలో రోజూ మాడిపోవడమెందుకు? ఏదో బళ్ళో పిల్లలకి ఆట నేర్పే పని చూసుకుందువుగాని" అన్నాడు అన్నం తింటూ.

"నేర్పుతాను. కానీ వాళ్ళు వెళ్ళగొడితే వెళ్ళి నేర్పుతాను."

"మాటేగా. ఎవరన్నారన్నది ఎవరు చూస్తారు?"

అంతవరకూ కంచం ముందు నోరు మెదపకుండా ఉన్న అత్తగారు చెయ్యి కడుక్కుని లేచింది. ఆవిడ పెద్ద ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. పెళ్ళైన కొత్తలో కోడలు నిక్కరు వేసుకుని ఆడుతుందని వారం రోజులు అన్నం మానేసిన మనిషి. తర్వాత ఎప్పుడు మారిందో ఎవరికీ తెలియదుగానీ, మ్యాచ్ ఉన్న రోజు టీవీ ముందు కూర్చుని రిఫరీని తిట్టే తిట్లు మూడో అంతస్తు దాకా వినిపించేవి.

"ఎవరన్నారన్నది చూడరా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది కొడుకుతో. "రేపు నువ్వు బాగుచేసిన లిఫ్టు కాకుండా వేరేవాడు పాడుచేసిన లిఫ్టు పడిపోయి, నేనే పడేశానని రాసివ్వమంటే ఇస్తావా? కప్పు గెలిచేదాకా పిడుగమ్మా పిడుగమ్మా అని నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడుతున్నారు. కనీసం మేమే తీశామని ఒప్పుకునే మొహం లేదా వాళ్ళకి?"

"అమ్మా, నువ్వు ఎగదొయ్యకు."

"నేనెక్కడ ఎగదోశాను? ఉన్న మాటన్నాను. అమ్మాయ్, నువ్వు రోజూ వెళ్ళు. వాళ్ళకే సిగ్గేసేదాకా వెళ్ళు."

సిగ్గు పడే జాతి కాదని పిడుగుకి తెలుసు. అయినా వెళ్ళింది. ఒక్క రోజు మానలేదు, ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. సహాయ కోచ్ ఫోనులో ఆమె కూర్చున్న దృశ్యం ఒక్కటీ పడలేదు. దాంతో వాళ్ళు మరో ఎత్తు వేశారు.

ఒకరోజు గేటు దగ్గర కాపలా పెద్దాయన అడ్డంగా నిలబడ్డాడు. "ఇవాళ లోపల రిపేరట తల్లీ. నిన్ను రానివ్వద్దన్నారు" అన్నాడు, నీళ్ళు నములుతూ.

"అందరినీనా, నన్నొక్కదాన్నేనా బాబాయ్?"

లోపల హాల్లోంచి బంతులు నేలకి తగిలే చప్పుడు దబదబా వినిపిస్తోంది. ఈ పెద్దాయనతో గొడవపడి ఏం లాభమని పిడుగు ఇంటికి తిరిగి వచ్చింది. సాయంత్రం ఫోనుకి మేనేజర్ సందేశం వచ్చింది: ఈ రోజు మీరు సాధనకు హాజరు కాలేదు. ఇలాగే కొనసాగితే మీరే ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టు భావించవలసి వస్తుంది.

చదివి, మళ్ళీ చదివి, ఫోను మంచం మీదికి విసిరికొట్టింది. తలుపు వాళ్ళే మూశారు. రాలేదన్న నింద తన మీద వేస్తున్నారు! భర్త ఆ సందేశం చదివాడు. "రేపు నేను బండి మీద దింపుతాను" అన్నాడు. "అమ్మని కూడా తీసుకెళ్దాం."

మర్నాడు గేటు తెరవలేదు. పిడుగు వెనక్కి వెళ్ళలేదు. క్లబ్బు ప్రహరీగోడ రోడ్డు పొడవునా ఉంటుంది. దాని మీద కప్పు పట్టుకున్న జట్టు బొమ్మ పెద్దగా వేయించారు. మూలన మోకాళ్ళ మీద కూర్చుని నవ్వుతూ ఉండాల్సింది పిడుగు. ఆ చోట ఇప్పుడు ఓ పరుపుల కంపెనీ ప్రకటన అతికించి ఉంది. చూసి అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "నిన్ను పీకేసి పరుపు వేశారే! ఇక హాయిగా పడుకోండి నాయనలారా!"

పిడుగుకి ఆ మాటకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బూట్ల లేసులు బిగించుకుంది. బంతి తీసి ఆ గోడకేసి లేపడం మొదలుపెట్టింది. అత్తగారు ఇంటి నుంచి తెచ్చుకున్న మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎదురుగా బస్టాపు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కాసేపు చూశారు. ఒకాయన దగ్గరికి వచ్చి, "ఏంటమ్మా, ఇక్కడ ఆడుతున్నారు?" అని అడిగాడు. అంతే, ఆవిడకి అది చాలు.

"మా కోడలు బాబూ. ఈ క్లబ్బు మనిషే. లోపలికి రానివ్వరు, రాలేదని రాసుకుంటారు. అందుకని వచ్చినట్టు మీరందరూ చూడండి. బాగా చూడండి! ఫోనులుంటే ఫోటోలు కూడా తీసుకోండి!"

జనం ఫోనులు తీశారు. ఆ తర్వాతి రోజూ పిడుగు అక్కడే. ఆ తర్వాతా అక్కడే. సాధన సమయానికి వచ్చేది, సమయం అయిపోయేదాకా ఆడేది. బస్సు డ్రైవర్లు హారను కొట్టి పలకరించేవారు. క్లబ్బులోంచి ఒకసారి సహాయ కోచ్ వచ్చి ఇది బాగోలేదన్నాడు. "ఏది బాగోలేదు? ఆడటమా, కనిపించడమా?" అని పిడుగు అడిగితే గేటు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఒక మధ్యాహ్నం లోపలినుంచి ఈల మోగింది. మళ్ళీ మోగింది, ఈసారి పొడుగ్గా, కోపంగా. ఎవరో కేకలేస్తున్నారు. చిన్న గేటు తెరుచుకుని నిచ్చెన బయటికి వచ్చింది. ఒంటి మీద క్లబ్బు సాధన దుస్తులే ఉన్నాయి. చెమటతో మొహమంతా తడిసి ఉంది. చెమటో, కన్నీళ్ళో చెప్పలేం. వచ్చి గోడకి కొంచెం దూరంగా, తను ఎప్పుడూ నిలబడే వైపు నిలబడింది.

"లేపక్కా" అంది.

పిడుగు కదల్లేదు. "లోపలికి వెళ్ళు. నీ చెల్లెలి చదువు..."

"లేపక్కా! మళ్ళీ ధైర్యం చాలదు నాకు."

పిడుగు లేపింది. ఇన్నాళ్ళూ దుమ్ములో పడిన బంతి ఆ రోజు గాలిలో ఆగాల్సిన చోట ఆగింది. నిచ్చెన ఎగిరి కొట్టిన దెబ్బకి పరుపుల ప్రకటన మధ్యలో ఠపీమని మోగింది. బస్టాపు మొత్తం ఈలలు వేసింది. అత్తగారు కుర్చీలోంచి లేచి, "అదీ! ఇంకోటి పెట్టు!" అని కేక పెట్టింది. మిగతా పిల్లలు గేటు దాకా వచ్చి ఊచల వెనకే ఆగిపోయారు. ఎవరూ బయటికి రాలేదు. పిడుగు వాళ్ళని తప్పు పట్టలేదు. కానీ అక్కడిదాకా వచ్చారన్నది మాత్రం గుర్తుపెట్టుకుంది.

బస్సులోంచి ఎవరో తీసిన ఆ వీడియో నలుమూలలా తిరిగింది. పోటీలు నడిపే లీగు ఆఫీసువాళ్ళు క్లబ్బుని సంజాయిషీ అడిగారు. మేనేజర్ కబురు పెట్టాడు. ఈసారి మంచినీళ్ళు ఇవ్వలేదు.

"కుటుంబ విషయాన్ని రోడ్డుకీడ్చావు" అన్నాడు.

"కుటుంబమా?" పిడుగు గొంతు లేచింది. అలా అరుస్తానని ఆమే అనుకోలేదు. "మా అత్తగారికి నేనంటే పడని రోజుల్లో కూడా నా చెప్పులు సంచిలో కట్టి గుమ్మంలో పెట్టలేదు సార్. తలుపేసి, రాలేదేమని అడగలేదు. మాట్లాడితే కుటుంబం కుటుంబం అంటారు. కుటుంబమంటే ఏంటో మీకు తెలియదు. ఆ మాట ఇంకోసారి నా ముందు అనకండి."

మేనేజర్ కాస్త తగ్గాడు. ఒప్పందం ప్రకారం రావలసినదంతా ఇస్తామన్నాడు. వేరే జట్టులో ఆడుకోవడానికి అడ్డు చెప్పబోమన్నాడు. "ప్రకటన మాత్రం ఇరుపక్షాల అంగీకారంతో విడిపోయాం అని ఇద్దాం" అన్నాడు.

"కాదు. క్లబ్బు తొలగించింది అని ఇవ్వండి."

"ఆ మాట మాకు బాగోదమ్మా."

"చేసినప్పుడు బాగుంది, చెప్పడానికి బాగోలేదా?"

ఆయన చాలాసేపు బేరమాడాడు. పెద్ద మ్యాచ్ రోజున పూలగుచ్ఛం ఇచ్చి, జనం ముందు వీడ్కోలు చెబుతామని కూడా ఆశపెట్టాడు. పిడుగు తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి లీగు ఆఫీసు గడువు దగ్గరపడి, క్లబ్బు ఒక్క వాక్యం ప్రకటించింది. జట్టు అవసరాల రీత్యా ఫలానా క్రీడాకారిణిని క్లబ్బు తొలగించింది. పిడుగు దాన్ని చదివింది. సంతోషమేమీ కలగలేదు. ఉద్యోగం పోయిందని చదివి ఎవరు సంతోషిస్తారు? కానీ అబద్ధం మాత్రం లేదు అందులో.

నిచ్చెనకి కెప్టెన్ పదవి పోయింది. ఆ ఏడాది ఎక్కువ మ్యాచ్‌లలో బెంచీ మీదే కూర్చోబెట్టారు. సీజను ముగిశాక ఒప్పందం పొడిగించలేదు. ఎందుకని అడిగితే, ఫామ్ లేదన్నారు. ఆడనివ్వకపోతే ఫామ్ ఎక్కడినుంచి వస్తుంది? ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా పిడుగుకి కోపం మళ్ళీ మొదటినుంచి వచ్చేది. తన గొడవ తీరింది కదా అని ఎవరైనా అంటే, "ఏం తీరింది?" అని కసిరేది. ఆటగాళ్ళ సంఘానికి వెళ్ళి, గేటు మూసి గైర్హాజరు వేయకుండా రూలు పెట్టించమని అర్జీ ఇచ్చింది. చూస్తామన్నారు. మళ్ళీ వెళ్ళింది. ఇంకా చూస్తూనే ఉన్నారు.

మరుసటి సీజనుకి రెండో శ్రేణి లీగులో ఒక చిన్న జట్టు ఆమెని పిలిచింది. దుకాణం మేడ మీద ఒకటే గది, నాలుగు కుర్చీలు, తిరగని ఫ్యాను. ఆ జట్టు నడిపే ఆవిడ ఒకప్పుడు తనూ ఆడిన మనిషే. ఒప్పందం కాగితాలు ముందుకు జరిపి, "జీతం మాట ముందు చూసుకుంటావా?" అని అడిగింది.

"అది తర్వాత చూద్దామండీ. ముందు ఆఖరి పేజీ చదవండి" అంది పిడుగు. "నన్ను వద్దనుకున్న రోజున ఎలా పంపిస్తారు?"

ఆవిడ తెల్లబోయింది. "చేరేటప్పుడు ఎవరూ ఈ మాట అడగరే!"

"నేను అడుగుతున్నాను. నా వెనక ఇంకో అమ్మాయి వస్తుంది, కొట్టే పిల్ల, నాకంటే చాలా పొడుగు. తనూ అడుగుతుంది."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కాగితాలు వెనక్కి తిప్పి, ఆఖరి పేజీ పైకి చదవడం మొదలుపెట్టింది. రెండు చోట్ల ఆగి, ఇది నిజంగానే బాగోలేదని తనే కలంతో కొట్టేసింది. పిడుగు కుర్చీ దగ్గరకు లాక్కుని, ఒక్కొక్క మాటా వింటూ కూర్చుంది.